అల్యూమినియం పడవకు రాగి రంగు వద్దు: చెన్నై తీర పడవల నిర్వాహకులకు బహిరంగ లేఖ

చెన్నై రేవు, కాశిమేడు, ఎన్నూరు, కాట్టుపల్లి తీరాల్లో అల్యూమినియం పడవలు నడుపుతున్న సంస్థల నిర్వహణాధికారులకు, ఆ పడవలను ఒడ్డుకు లాగి మరమ్మతు చేసే యార్డుల యజమానులకు, ఆ పనులకు టెండరు పత్రాలు రాసే ఇంజినీర్లకు నమస్కారాలు.

నెల్లూరు జిల్లా తీరంలోని ఒక పల్లె నుంచి వచ్చి రాయపురంలో స్థిరపడిన నేను ముప్పై ఏళ్లుగా పడవల అడుగులకు రంగులూ రక్షణ పూతలూ వేయించే పనిని పర్యవేక్షిస్తున్నాను. చెక్క పడవలతో మొదలుపెట్టి, ఫైబరు పడవలూ ఉక్కు టగ్గులూ చూసి, ఈ పదిహేనేళ్లలో ఎక్కువ కాలం అల్యూమినియం పడవల దగ్గరే గడిపాను. గస్తీకి, సర్వేకు, పైలట్లను ఓడల దగ్గరికి చేర్చడానికి, ఆపదలో ఉన్నవారిని ఒడ్డుకు తేవడానికి తేలికగా, వేగంగా పోయే పడవ కావాలి కనుక, ఉక్కు బరువులో మూడో వంతు మాత్రమే తూగే ఈ లోహం మన తీరానికి వచ్చింది. అది మంచి లోహం. సరిగ్గా చూసుకుంటే పాతికేళ్లకు పైగా పనిచేస్తుంది. అయితే దాన్ని మనం సరిగ్గా చూసుకోవడం లేదు. ఉక్కు పడవకు రాసిన నిర్వహణ పత్రంలోనే పడవ పేరు మార్చి, అల్యూమినియం పడవకూ అదే వాడుతున్నాం. అల్యూమినియం పడవకు వేరే పత్రం రాయించండి, ఆ పత్రాన్ని పని చేసే మనిషి చదవగల భాషలో కూడా రాయించండి అని అడగడానికే ఈ లేఖ.

కొన్నేళ్ల కిందట ఒక యార్డులో ఒక సర్వే పడవకు ఏం జరిగిందో ముందుగా చెబుతాను. పడవకు వేయవలసిన రంగు ఇంకా రాలేదు, నీళ్లలోకి దించవలసిన తేదీ మాత్రం దగ్గరపడింది. పక్కనే ఒక ఉక్కు టగ్గుకు పని ముగిసి నాలుగు డబ్బాల ఎర్ర రంగు మిగిలి ఉంటే, దాన్నే ఈ పడవకు పూయించారు. పూసిన పెయింటరు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినవాడు, ఎంతో నిదానంగా, శుభ్రంగా పని చేసే మనిషి. అల్యూమినియంపై వాడరాదని ఆ డబ్బా మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఆయన ఆ అక్షరాలు చదవలేరు. చదవగలిగినవారు డబ్బా వైపు చూడలేదు. ఎనిమిది నెలల తరువాత పడవను పైకి లాగినప్పుడు నన్ను పిలిచారు. నీటిగీతకు కింద, వెల్డింగ్ అతుకుల వెంట రంగు బొబ్బలుగా లేచి ఉంది. బొబ్బను గోటితో చిదిపితే తెల్లటి ముద్ద బయటికి వచ్చింది. కడిగి చూస్తే దాని కింద పెన్సిలు మొన దిగేంత గుంట. అయిదు మిల్లీమీటర్ల రేకులో కొన్ని గుంటలు మూడు మిల్లీమీటర్లు దాటిపోయాయి. రేకు కోసి కొత్త ముక్కలు వెల్డింగ్ చేయించవలసి వచ్చింది. ఆ పెయింటరు నా పక్కన నిలబడి, "బాబూ, ఇది నా చేత్తో జరిగిందేనా?" అని అడిగారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ ఎర్ర రంగులో ఉన్నది క్యూప్రస్ ఆక్సైడ్. నాచునూ గుల్లలనూ దూరంగా ఉంచడానికి లోకమంతటా వాడే రాగి సమ్మేళనం అది. చెక్క మీద, ఫైబరు మీద, మంచి ప్రైమరు వేసిన ఉక్కు మీద బాగా పనిచేస్తుంది. కాని అల్యూమినియంకు రాగి బద్ధశత్రువు. సిలవర (అల్యూమినియం) గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. ఆ గిన్నెను కాపాడేది దాని ఒంటి మీద తనంతట తానే ఏర్పడే పలుచటి ఆక్సైడ్ పొర. పులుపు ఎక్కువైనా, క్షారం ఎక్కువైనా ఆ పొర కరిగిపోతుంది. పులుపూ క్షారమూ లేని సముద్రపు నీటిలో కూడా ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. అటువంటి చోటికి రంగు నుంచి కరిగి వచ్చిన రాగి చేరితే, కొంచెం అల్యూమినియం నీటిలో కరిగిపోయి ఆ స్థానంలో రాగి కణం లోహంగా అంటుకుంటుంది. ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలి ఉన్న ఆ రెండు లోహాలూ ఒక చిన్న బ్యాటరీ అవుతాయి. ఆ బ్యాటరీలో ప్రతిసారీ కరిగేది అల్యూమినియమే. అందుకే ఉక్కు తుప్పు పైపైన పొరలుగా పరుచుకుంటే, అల్యూమినియం మాత్రం మేకు దిగినట్టు లోతుకు గుంటలు పడుతుంది. పైనుంచి చూస్తే రంగు బాగానే ఉంటుంది, కింద రేకు పోతూ ఉంటుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక చెక్క అడుగుకు రాగి రేకులు కొట్టించింది. రెండేళ్లకు విప్పి చూస్తే గుల్లలూ చెక్కను తొలిచే పురుగులూ దూరంగానే ఉన్నాయి గాని, రాగిని తాకిన ఇనుప మేకులు తినిపోయి ఉన్నాయి. రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఎక్కడ తొలగకుండా మిగిలిందో అక్కడి మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రెండు లోహాల మధ్య ఒక కాగితం చేసిన మేలు అది. మనం ఈనాడు అల్యూమినియం మీద వేసే ఎపాక్సీ అనే గట్టి రెసిన్ పూత చేసేది అదే మేలు. తరువాత 1824లో హంఫ్రీ డేవీ రాగి రేకులకే రక్షణగా ఇనుప, జింకు ముక్కలు బిగించి చూపాడు. రాగి తరగడం ఆగింది, కాని గుల్లలు పట్టడం మొదలైంది, ఎందుకంటే గుల్లలను తరిమేది కరిగి నీటిలో కలిసే రాగే. పడవ అడుగు తరగకుండా చూడడమూ, దానికి ప్రాణులు అంటకుండా చూడడమూ ఒకదానితో ఒకటి ముడిపడిన పనులని ఆ రెండు అనుభవాలూ చెబుతున్నాయి. ఒక దాన్ని వేరే విభాగానికీ మరో దాన్ని వేరే టెండరుకూ పంచే మన పద్ధతి ఈ ముడిని తెంపుతోంది.

మరి ఏ రంగు వేయాలి? పడవలన్నిటికీ తగిన ఒకే జవాబు లేదు, కాని మంచి దారులు మూడున్నాయి. మొదటిది, జింక్ పైరిథియోన్ వంటి మందులు ఆధారంగా రాగి లేకుండా తయారయ్యే యాంటీఫౌలింగ్ రంగులు, అంటే నాచూ గుల్లలూ పట్టకుండా ఆపే రంగులు. రెండోది, గుల్లలను చంపకుండా వాటికి పట్టు దొరకనివ్వని సిలికాన్ పూతలు. ఇవి వేగంగా, తరచుగా తిరిగే పడవలకు తగినవి, రేవులో కట్టేసి ఉంచే పడవలకు కావు. మూడోది కాపర్ థయోసయనేట్ రంగులు. ఇందులోనూ రాగి ఉంది. తయారీదారు అల్యూమినియంకు ఒప్పుకున్నప్పుడు, కింద ఎపాక్సీ పూత ఎక్కడా లోపం లేకుండా ఉన్నప్పుడు మాత్రమే వీటిని వాడాలి. మన నీళ్లలో ఆ పూత గీసుకుపోని పడవ అరుదు కనుక నా సలహా మొదటి దారే. ఒకప్పుడు అల్యూమినియం పడవలకు సులువుగా దొరికిన ట్రైబ్యుటైల్ టిన్ రంగుల వైపు మాత్రం ఎవరూ చూడవద్దు. అవి సముద్ర జీవులకు చేసిన హాని చూసి అంతర్జాతీయ నౌకా సంస్థ 2001లో వాటిని నిషేధించే ఒప్పందం చేసింది, అది 2008 సెప్టెంబరు 17 నుంచి అమలులో ఉంది. సైబ్యుట్రిన్ అనే మరో రసాయనాన్ని కూడా 2023 జనవరి నుంచి అదే ఒప్పందం కిందికి తెచ్చారు.

మన నీటి స్వభావం కూడా ఆ పత్రంలోకి రావాలి. చల్లని దేశాల్లో శీతాకాలం గుల్లలకు విరామం ఇస్తుంది, చెన్నైలో అటువంటి విరామం లేదు. శుభ్రంగా పూసి దించిన పడవను కదలకుండా కట్టేస్తే కొద్ది రోజుల్లో పాచి పొర, కొద్ది వారాల్లో బార్నకిల్ గుల్లలు, ఆ తరువాత ఆకుపచ్చ ఆల్చిప్పలు వస్తాయి. చెన్నైకి దక్షిణాన ఉన్న కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం సముద్రపు నీరు తోడుకునే సొరంగంలో ఈ ఆల్చిప్పలే పెద్ద సమస్యగా మారి, శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాటిని అధ్యయనం చేశారు. గుల్ల పట్టిన పడవ వేగం కోల్పోయి, ఎక్కువ డీజిల్ తాగుతుందని మీకందరికీ తెలుసు. అల్యూమినియంకు దానికి మించిన ప్రమాదం ఉంది. గుల్ల అడుగున గాలి అందని సందు ఏర్పడుతుంది, ప్రాణవాయువు అందని ఆ సందులో రక్షణ పొర తిరిగి ఏర్పడలేదు. గుల్లను ఇనుప గరిటెతో పెకలిస్తే దానితోపాటు ఎపాక్సీ కూడా ఊడి వస్తుంది. కనుక పాచి మెత్తగా ఉన్నప్పుడే, రంగు రకం ఒప్పుకునే మేరకు, మెత్తని స్పాంజితో తుడిపించే ఏర్పాటు చేయండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం మన యార్డుల్లో అలవాటైపోయింది.

ఇక అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది రంగు డబ్బా తెరవకముందే. మన యార్డుల్లో ఉక్కును బ్లాస్టింగ్ చేయడానికి, అంటే గాలి ఒత్తిడితో రేణువులు కొట్టి శుభ్రం చేయడానికి, రాగి శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే కాపర్ స్లాగ్ వాడతారు. ఉక్కుకు దానితో ఇబ్బంది లేదు. కాని అల్యూమినియం మీద రాగి ఆనవాళ్లున్న ఏ ఇసుకనూ కొట్టకూడదు. తమిళనాడు తీరపు ఇసుకలోనే ఉండే గార్నెట్ గాని, అల్యూమినియం ఆక్సైడ్ గాని తక్కువ ఒత్తిడితో వాడాలి. ఉక్కు తీగల బ్రష్షు వద్దు. విరిగిన ఉక్కు తీగల ముక్కలు రేకులో గుచ్చుకుని, ఒక్కొక్కటీ ఒక్కొక్క గుంటకు విత్తనం అవుతుంది. ఉక్కు పనికి వాడిన గ్రైండింగ్ చక్రాన్ని అల్యూమినియం మీద పెట్టడం కూడా అటువంటిదే. పని క్రమం ఇలా ఉండాలి: ముందు ద్రావకంతో జిడ్డు తీయాలి, తరువాత మంచినీటితో ఉప్పు కడగాలి, ఆ తరువాతే గరుకు చేయాలి. జిడ్డు తీయకుండా గరుకు చేస్తే జిడ్డును లోహంలోకి రుద్దినట్టే. గరుకు చేసిన రేకు మీద కొద్ది గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ ఆ రోజే, మొదటి ఎపాక్సీ ప్రైమరు పడాలి.

చెన్నై గాలి గురించి నా అనుభవం నుంచి ఒక మాట చెప్పాలి. గాలిలో తేమ 85 శాతం దాటకూడదు, రేకు వేడి మంచుబిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలి అనేది పూత పనిలో అందరూ ఒప్పుకున్న నియమం. మన దగ్గర తెల్లవారుజామున రేకు మీద కంటికి కనిపించని తడి ఉంటుంది, మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి ఉప్పును మోసుకొస్తుంది. ఎండ ఎక్కిన తరువాత, గాలి తిరగకముందు దొరికే ఆ మూడు నాలుగు గంటలే మన పని సమయం. మర్నాటి పూతకు ముందు మళ్లీ మంచినీటితో కడిగి, ఆరనివ్వాలి. పడవను పైకి లాగే నెల కూడా ఆలోచించి ఎంచుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల చేపల వేట నిషేధం ఉంటుంది, అప్పుడు పడవలను పైకి లాగే స్లిప్‌వేలన్నీ చేపల పడవలతో నిండిపోయి, మీ పడవ పనిని తొందరపెడతారు. ఫిబ్రవరి, మార్చి నెలలు మీ పడవలకు కేటాయించండి.

పూత మందం కొలిచి రాయించండి. ఎపాక్సీ పొరలన్నీ కలిపి 300 మైక్రాన్లకు (0.3 మిల్లీమీటరుకు) తగ్గకుండా ఉండాలని నేను పట్టుబడతాను. మందం సరిపోయినా పనికి రాని పూతలు చూశాను, ఎందుకంటే వెల్డింగ్ అతుకుల మీద, అంచుల మీద రంగు పలచబడి సూది రంధ్రాలు మిగులుతాయి. యాంటీఫౌలింగ్ వేయకముందు అతుకులకూ అంచులకూ చేతి బ్రష్షుతో అదనపు పూత వేయించి, తడి స్పాంజి పరికరంతో రంధ్రాలు వెతికించండి. మొత్తం ఖర్చులో ఈ పరీక్ష ఖర్చు చాలా చిన్నది.

పూత ఎంత బాగున్నా ఎక్కడో ఒకచోట గీసుకుంటుంది కనుక, పనివాళ్లు జింకు ప్లేట్లు అని పిలిచే ఆనోడ్లు కావాలి. పడవకు బదులు తాము కరిగిపోవడమే వాటి పని. వాటి మీద రంగు పూయడం అంటే నోరు కట్టేసి కాపలా పెట్టడమే, అయినా ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు పూస్తూనే ఉంటారు. వర్షాకాలంలో కొసస్థలై నీరు ఎన్నూరు కాలువలోకి దిగి ఉప్పదనం తగ్గినప్పుడు జింకు ప్లేటు మీద గట్టి పెంకు కట్టి, అది పనిచేయడం మానేస్తుంది. ప్లేటు తరగకుండా కొత్తదిలా ఉందని సంతోషించే అధికారులను చూశాను. తరగని ప్లేటు పనిచేయని ప్లేటు. కాలువల్లో, నదీముఖాల్లో ఉండే పడవలకు ఇండియం కలిసిన అల్యూమినియం ఆనోడ్లు మేలు, అవి ఉప్పునీటిలోనూ ఉప్పు తగ్గిన నీటిలోనూ పనిచేస్తాయి. మెగ్నీషియం ఆనోడ్లను మాత్రం సముద్రంలో ఈ పడవలకు పెట్టకూడదు. రక్షణ మితిమీరితే రేకు చుట్టూ క్షారం పుట్టి, ఆ క్షారమే అల్యూమినియాన్ని తినడం మొదలుపెడుతుంది. ఉక్కు ఎక్కువ రక్షణను తట్టుకుంటుంది, అల్యూమినియం తట్టుకోదు. పోల్చి కొలవడానికి నీటిలో దించే సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ సెల్‌తో కొలిస్తే పడవ ఒంటి వోల్టేజి మైనస్ 0.95కూ మైనస్ 1.10 వోల్టులకూ మధ్య ఉండాలి. ఆ సెల్లూ మల్టీమీటరూ ఉంటే నీటిలో ఉన్న పడవను అరగంటలో పరీక్షించవచ్చు. నెలకొకసారి కొలిచి పుస్తకంలో రాయించండి. అంకె అకస్మాత్తుగా మారితే ఎక్కడో ఏదో జరిగిందని పడవే మీకు చెబుతున్నట్టు.

ఆ జరిగేది చాలాసార్లు కరెంటు వల్లే. పడవ ఒంటినే బ్యాటరీ నెగటివ్ తీగగా వాడడం ఉక్కు పడవల నుంచి వచ్చిన దురలవాటు. అల్యూమినియం పడవలో రెండు తీగలూ ఒంటికి తగలకుండా వేరుగా ఉండాలి. ఒడ్డు కరెంటు పెట్టుకునే పడవకు, ఎర్త్ తీగ గుండా పడవల మధ్య పారే చిన్న కరెంటును ఆపే గాల్వానిక్ ఐసొలేటరు తప్పనిసరి, లేకపోతే పక్కన కట్టిన ఉక్కు పడవకు మీ పడవే ఆనోడ్ అవుతుంది. పడవ లోపలి సంగతి ఇంకా చిన్నగా కనిపిస్తుంది గాని అంతే ప్రమాదకరం. వైరింగ్ పని చేసినవారు వదిలేసిన రాగి తీగ ముక్క, జేబులోంచి జారిన నాణెం, ఇత్తడి నట్టు బిల్జి (పడవ అడుగున లోపల చేరే) నీటిలో పడి ఉంటే దాని కింద చిల్లు పడుతుంది. లోపలి నుంచి పడిన అటువంటి చిల్లును నేను స్వయంగా చూశాను. కాపర్-క్రోమ్-ఆర్సెనిక్ మందు ఎక్కించిన చెక్కను రేకుకు ఆనించి బిగించకండి, అందులోనూ రాగి ఉంది. స్టీలు బోల్టుల కింద నైలాను వాషర్లు పెట్టించండి, నీటి కవాటాలకు ఇత్తడి బదులు గట్టి ప్లాస్టిక్‌వి వాడించండి.

మరమ్మతు రేకు కొనేటప్పుడు 5083 అనే అల్యూమినియం మిశ్రమలోహం పేరు బిల్లులో ఉంటే చాలదు, సముద్రానికి పరీక్షించిన హెచ్116 గాని హెచ్321 గాని (రేకును గట్టిపరచిన తీరును తెలిపే గుర్తులు) అని ధ్రువపత్రంలో ఉండాలి. కడగడానికి కాస్టిక్ సోడా ఉన్న ద్రావణం ఎన్నడూ వాడకూడదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదల్లో ఎన్నూరు కాలువలోకి నూనె చేరి పడవలన్నీ నల్లబడిన సంగతి మనమెవరమూ మరచిపోలేదు. అటువంటి మడ్డి త్వరగా వదలాలని కాస్టిక్ పోస్తే మడ్డితోపాటు అల్యూమినియం కూడా కరుగుతుంది.

ఈ విషయాల్లో చాలా వరకు రంగుల కంపెనీల పత్రాల్లో ఇంగ్లీషులో ఉన్నవే. మన దగ్గర నిపుణులకు కూడా కొరత లేదు. పళ్లికరణైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది, కారైక్కుడిలో లోహాల తుప్పు మీద దశాబ్దాలుగా పరిశోధిస్తున్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ ఉంది, కొచ్చిలో 1957 నుంచి కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. ఆ జ్ఞానం బ్రష్షు పట్టిన చేతి దాకా రావడం లేదు. మన యార్డుల్లో రంగులు పూసేవారిలో శ్రీకాకుళం నుంచి, నెల్లూరు నుంచి, ప్రకాశం నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు, తమిళం మాత్రమే చదవగలవారూ ఉన్నారు. తప్పు జరిగినప్పుడు కూలి కోసేది వాళ్లకే. చదవలేని హెచ్చరికను పాటించలేదని మనిషిని శిక్షించడం న్యాయం కాదు. డబ్బా మీద అతికించడానికి "అల్యూమినియంకు వద్దు" అని తెలుగులోనూ తమిళంలోనూ ఒక ఎర్ర చీటీ, రంగుల గదిలో అల్యూమినియం సామగ్రికి తాళం వేసిన వేరే అర, పడవ దగ్గర ఒక పేజీ పని పత్రం, ఇవి ఏర్పాటు చేయడానికి మీకు పెద్ద ఖర్చు కాదు.

నేను, నాతోపాటు పనిచేసే ఇద్దరు పెయింటర్లు కలిసి ఆ ఒక పేజీ పత్రాన్ని తెలుగులోనూ తమిళంలోనూ రాసి ఉంచాము. కాశిమేడు నుంచి కాట్టుపల్లి దాకా ఏ యార్డు పిలిచినా ఉదయం పని మొదలయ్యే ముందు వచ్చి, రుసుము తీసుకోకుండా పనివాళ్లకు చదివి వినిపిస్తాము. మీ పడవ కింద ఇప్పుడున్న రంగు ఏదో రికార్డు లేకపోతే, రాబోయే ఫిబ్రవరి దాకా ఆగకుండా, మమ్మల్ని పిలిచి ఒక చదరపు అడుగు గీకించి చూడండి.

ఇట్లు,
రాయపురం నివాసి అయిన ఒక పడవ పూతల పర్యవేక్షకుడు
చెన్నై